పాకాల గుట్ట మీంచి చూస్తే

బుజ్జీ, పాకాల పోదామంటే "అక్కడివి చిన్న గుట్టలే కదా తాతా, పెద్ద కొండయితే బాగుండేది" అన్నావు. చిన్న గుట్టలోనే లాభం ఎక్కువ, తల్లీ. లెక్క వేసి చూపిస్తా, ఆ కాగితం ఇట్లా తే.

భూమి గుండ్రం కాబట్టి మన చూపు ఎక్కడో ఒకచోట నేలని ఒరుసుకుని ఆగిపోతుంది. అది ఎంత దూరమో తెలియాలంటే, నీ కళ్ళు నేలకి ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నాయో రాసుకో. దాని వర్గమూలం తీసి 3.57తో గుణించు. వచ్చినన్ని కిలోమీటర్లు నీకు కనిపిస్తుంది. నీ కళ్ళు మీటరు ఎత్తున ఉన్నాయనుకుంటే చదును నేల మీద నీ చూపు మూడున్నర కిలోమీటర్లు. 25 మీటర్ల గుట్ట ఎక్కావా, దాదాపు 18. 100 మీటర్లు ఎక్కితే 36. కిటుకు పట్టావా? చూపు రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. 8,849 మీటర్ల ఎవరెస్టు మీద నిలబడ్డా లెక్కకొచ్చేది 336 కిలోమీటర్లే. మన 100 మీటర్ల గుట్టకి ఎనభై ఎనిమిదింతల ఎత్తు ఎక్కినా చూపు పెరిగేది తొమ్మిదింతల పైచిలుకు. అందుకే మొదటి పాతిక మీటర్ల చెమటకి దక్కినంత చూపు ఆ తర్వాత ఏ పాతిక మీటర్లకీ దక్కదు.

ఇది చదును నేల లెక్క. అవతల ఇంకో గుట్ట ఉంటే దాని తల దిగంతం దాటి కూడా కనిపిస్తుంది. రెండూ 100 మీటర్లవైతే, మధ్యలో అడ్డం లేకపోతే, రెండు 36లూ కలుపుకుని 72 కిలోమీటర్ల దూరం నుంచి ఒకదాన్నొకటి చూసుకోవచ్చు. కాకపోతే మధ్యనున్న గాలి ఊరుకోదు. ఆ సంగతి తర్వాత చెప్తా.

వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా పాకాల యాభై కిలోమీటర్లు. హన్మకొండలో నువ్వు రోజూ చూసే గుండ్రాళ్ళ గుట్టలు గ్రానైటువి. పాకాల చేరేసరికి రాయి జాతే మారిపోతుంది. ఇక్కడున్నది ఒకప్పుడు నీళ్ళ అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక, బురద. ఇసుక బిగిసి ఇసుకరాయి అయింది, ఇంకా బిగిసినచోట క్వార్ట్‌జైట్ అయింది. బురద గట్టిపడి పలకలు పలకలుగా విడిపోయే మెత్తరాయి అయింది. ఇదంతా జరిగి వంద కోట్ల ఏళ్ళ పైమాటే. అప్పటికి ఒడ్డున చెట్టు లేదు, నీళ్ళలో చేప లేదు, ఉన్నదంతా సూక్ష్మజీవులే.

భారత భూవిజ్ఞాన సర్వే సంస్థలో పనిచేసిన విలియం కింగ్ అనే ఆయన ఈ ప్రాంతమంతా తిరిగి, ఈ రాళ్ళకి మన పాకాల చెరువు పేరే పెట్టాడు. గోదావరి లోయ పొడుగునా ఈ జాతి రాయి ఎక్కడ కనిపించినా, ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా దాన్ని పాఖాల్ రాయి అనే రాస్తాడు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టిందీ ఆయనే. సింగరేణి బొగ్గు గనుల కథ అక్కణ్ణుంచే మొదలు.

నేల లోపలి కదలికలకి ఆ పొరలు వంగాయి, ఏటవాలుగా లేచాయి. ఆ మీదట వానలూ ఎండలూ పని మొదలుపెట్టాయి. మెత్తరాయి పొడయి వాగుల్లో కొట్టుకుపోయింది, గట్టిరాయి నిలబడింది. మన పాత ఇంటి గడప గుర్తుందా? కాళ్ళ రాపిడికి చెక్క అరిగిపోయి మేకుల తలలు పైకి తేలి ఉండేవి. మేకుల్ని ఎవరూ పైకి లాగలేదు, చుట్టూ ఉన్న చెక్క తగ్గిపోయింది. ఈ గుట్టలూ అట్లా మిగిలినవే. కోట్ల ఏళ్ళు అరిగాయి గనకే మీద మొనలు లేకుండా ఇంత నెమ్మదైన వాలుతో ఉన్నాయి. నాలాంటివాడు కూడా కర్ర పట్టుకుని ఎక్కగలుగుతున్నాడంటే ఆ అరుగుడు పుణ్యమే.

ఎక్కేటప్పుడు కాళ్ళ కింద చూసుకుంటూ నడువు. ఇసుకరాయి పలక ఒకటి పైకి లేచి, దాని మీద వేలెడంత ఎడంగా సన్నటి గీరలు వరసలు వరసలుగా కనిపిస్తే అక్కడ ఆగు. పొద్దుటి ఏటవాలు ఎండలో ఆ గీరల నీడలు స్పష్టంగా పడతాయి. ఒంగి అరచేత్తో తడిమి చూడు. గీర రెండు వైపులా ఒకే వాలు ఉంటే, ఒడ్డున అలలు ముందుకీ వెనక్కీ ఊగిన చోటు అది. ఒక వైపు నిదానంగా ఎక్కి రెండో వైపు టక్కున దిగితే, నీళ్ళు ఒకే దిక్కుకి పారాయన్నమాట. టక్కున దిగిన వైపుకే ప్రవాహం వెళ్ళింది. వంద కోట్ల ఏళ్ళ కిందటి నీళ్ళు ఎటు పారాయో నీ చేతికి తెలుస్తుంది, బుజ్జీ! ఇంతకన్నా గొప్ప పాఠం ఏ బడిలో దొరుకుతుంది?

ఇక పైకెక్కి చెరువు వైపు తిరుగు. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టించిన చెరువు అది. ఒడ్డున నిలబడితే నీళ్ళు తప్ప ఏమీ అర్థం కాదు. ఎత్తు మీంచి చూస్తే కట్టినవాళ్ళ ఆలోచన మొత్తం విప్పి పరిచినట్టే. చుట్టూ గుట్టలున్నాయి, వాటి మీద పడ్డ వాన పల్లానికి చేరుతుంది, వాగు బయటికి పోవడానికి గుట్టల నడుమ సందు ఉంది. ఆ సందుకి కట్ట వేస్తే మిగతా గోడలన్నీ గుట్టలే. అంతే, కట్ట వెనక సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర నీళ్ళు నిలిచాయి.

అప్పుడు యంత్రాలు లేవు కదా, మట్టంతా మనుషులూ పశువులూ మోసిందే. మట్టికట్ట ఎత్తు రెట్టింపు చేయాలంటే అడుగు వెడల్పు కూడా రెట్టింపు చేయాలి, లేకపోతే జారిపోతుంది. అంటే మట్టి నాలుగింతలు. అందుకని సందు ఇరుకుగా, వెనక పల్లం విశాలంగా ఉన్న చోటు వెతికి పట్టుకోవడంలోనే సగం పని ఉంది. పొలాలకి నీళ్ళు వదలడానికి తూములు, నిండినప్పుడు పొర్లిపోవడానికి మత్తడి. మత్తడి సరిగా లేకపోతే నీళ్ళు కట్ట మీంచి పొర్లి ఒక్క రాత్రిలో కోసేస్తాయి. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా దీని కింద వరి పండుతోంది. ఆ చోటు ఎంచినవాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఈ నీళ్ళే మున్నేరై ఖమ్మం పక్కనుంచి పోయి కృష్ణలో కలుస్తాయి. కాస్త ఉత్తరాన, ములుగు వైపు, లక్నవరం చెరువు నీళ్ళు గోదావరి దారి పడతాయి. కృష్ణ ఎక్కడ, గోదావరి ఎక్కడ? ఏ చినుకు ఎటు పోవాలో తేల్చేది మాత్రం ఈ పొట్టి గుట్టల వరసే.

దూరపు గుట్టలు నీలంగా ఎందుకున్నాయి అని అడుగుతావని నాకు తెలుసు. దగ్గర గుట్ట ఆకుపచ్చ, దాని వెనకది బూడిద కలిసిన నీలం, ఆ వెనకది ఆకాశంలో కలిసిపోయేంత లేత నీలం. చెట్లు అన్నిటి మీదా ఒకటే, మధ్యనున్న గాలే వేరు. గాలి అణువులు ఎరుపు కన్నా నీలం వెలుగుని ఐదారు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. నీకూ గుట్టకీ మధ్య ఎంత గాలి ఉంటే అంత నీలం వచ్చి నీ కంట్లో పడుతుంది. ఆకాశం నీలానికీ ఇదే కారణం. ఆ లెక్క తేల్చినాయన లార్డ్ రేలీ, అదీ 1871లోనే. కింగ్ ఇల్లందులో బొగ్గు చూసిన ఏడే! ఎండాకాలం దుమ్ము నిండితే నీలం పోయి తెల్లగా మసకబారుతుంది, ఎందుకంటే దుమ్ము రేణువులు అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. వాన వెలిసిన మర్నాడు వెళ్తే గుట్టల వరసలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు.

అడవిని చూడాలంటే మాత్రం ఫాల్గుణంలో వెళ్ళాలి. టేకు ఆకు రాలిపోయి ఉంటుంది, నల్లమద్ది, తునికి కూడా పలచబడతాయి, అక్కడక్కడ మోదుగ పూలు ఎర్రగా మండుతుంటాయి. ఆకుల నిండా సన్నటి రంధ్రాలుంటాయి, వాటిగుండా నీరు ఆవిరవుతుంది. నేలలో తడి తగ్గినప్పుడు అన్ని ఆకులు ఉంచుకుంటే చెట్టు ఎండిపోతుంది. అందుకే ఆకు వదిలేస్తుంది. ఇప్పుడు గుట్ట మీంచి చూడు. గోధుమరంగు అడవి మధ్యన ఒక పచ్చటి గీత మెలికలు తిరుగుతూ పోతుంటుంది. పైన నీళ్ళు కనిపించకపోయినా అది వాగే. ఇసుక కింద తడి ఉంది, దాని వెంబడి ఏరుమద్ది చెట్లు వేళ్ళు దించుకుని పచ్చగా నిలిచాయి. కింద నడిచేవాడికి పది చెట్లకి మించి కనిపించవు. నువ్వు మాత్రం భూమి లోపలి నీళ్ళ దారిని పైనుంచే చదివేస్తావు.

ఇంకొక్కటి. ఒడ్డున నిలబడి పది మీటర్ల అవతల నీళ్ళలోకి చూస్తే ఆకాశమే కనిపిస్తుంది, అడుగు కనిపించదు. చూపు నీటిని అంత ఏటవాలుగా తాకినప్పుడు కంటికొచ్చే వెలుగులో ఎక్కువ భాగం నీటి మీంచి తిరిగొచ్చిందే. అదే నీటి మీదకి వంగిన బండ మీంచి నిట్టనిలువుగా చూడు. నీటి పైతలం తిప్పికొట్టేది నూటికి రెండు వంతులే, మిగతా వెలుగు లోపలికి పోతుంది, అందులో కొంత తిరిగొస్తుంది. తేట నీళ్ళయితే నాచు, చేపపిల్లలు అన్నీ కనిపిస్తాయి. నలుపూ తెలుపూ చారల లకుముకి పిట్ట నీళ్ళకి సరిగ్గా పైన గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది చూడు, దానికీ ఈ సంగతి పనికొస్తుంది. పైగా నిలువుగా చూస్తే నీరు వెలుగుని పక్కకి వంచదు గనక చేప ఉన్న దిక్కులోనే కనిపిస్తుంది. కొంచెం పక్కనుంచి చూసినా చేప వేరే చోట ఉన్నట్టు తోస్తుంది.

పొద్దున్నే బయలుదేరదాం. 100 మీటర్లు ఎక్కితే గాలి చల్లబడేది డిగ్రీలోపే, పైన హాయిగా అనిపించేదంతా గాలి విసురుకి చెమట ఆరడం వల్ల. చెమట ఆరిందంటే ఒంట్లో నీరు పోయిందనే. కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా తాగుతూ ఉండాలి. చెరువులో మొసళ్ళున్నాయి, నీళ్ళలో కాలు పెట్టొద్దు. అటవీ శాఖ వాళ్ళు నడవనిచ్చే దారిలోనే నడవాలి. కాగితం, పెన్సిలు నీ సంచీలో పెట్టుకో. పైన నిలబడి పచ్చటి గీతలు ఎన్ని వాగులో, అవి చెరువులో ఎక్కడెక్కడ కలుస్తున్నాయో నువ్వే బొమ్మ గీయాలి.