మోటారు సైకిలు ముందు చక్రం: ఇంటి వద్ద విప్పడం, బిగించడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ముందు చక్రంలోని ముఖ్య భాగాలను, వాటిలో ప్రతి ఒక్కటీ మోసే బలాన్ని వివరించగలుగుతారు.
• డ్రమ్ము బ్రేకు గల మోటారు సైకిలు ముందు చక్రాన్ని సరైన క్రమంలో విప్పగలుగుతారు.
• చక్రాన్ని తిరిగి బిగించి, బండి రోడ్డెక్కడానికి తగినదో కాదో పరీక్షించగలుగుతారు.
• డిస్కు బ్రేకు ఉన్న బండ్ల విషయంలో తీసుకోవలసిన అదనపు జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

1. ప్రస్తావన

మీలో చాలామందికి మోటారు సైకిలు నిత్యావసరం. కాంటాక్టు తరగతులకు వచ్చేది దానిమీదే, పొలానికో ఉద్యోగానికో వెళ్లేదీ దానిమీదే. పంక్చరు షాపు దూరంగా ఉన్న ఊళ్లలో బండిని నెట్టుకుంటూ వెళ్లడం కంటే చక్రం ఒక్కటే విప్పి బస్సులోనో ఆటోలోనో పట్టుకెళ్లడం తేలిక. ట్యూబు మార్చాలన్నా, బేరింగు చూడాలన్నా, బ్రేకు షూలు అరిగాయో లేదో తెలుసుకోవాలన్నా ముందు చక్రం విప్పక తప్పదు.

విప్పడం కష్టమైన పని కాదు. ఒక నట్టు, ఒక ఇరుసు, ఒకటి రెండు కేబుళ్లు. అయితే ఈ పనిలో ప్రమాదం విప్పేటప్పుడు కంటే బిగించేటప్పుడే ఎక్కువ. సరిగా విప్పకపోతే చక్రం ఊడిరాదు, అంతే. సరిగా బిగించకపోతే ఆ సంగతి నడిరోడ్డు మీద తెలుస్తుంది. అందువల్ల ఈ పాఠంలో ప్రతి భాగాన్నీ 'ఇది ఏ బలాన్ని మోస్తోంది?' అనే ప్రశ్నతో పరిశీలిద్దాం. సమాధానం తెలిసిన భాగాన్ని బిగించడం ఎవరూ మరచిపోరు.

2. చక్రంలో ఏది ఏ పని చేస్తుంది?

మన రోడ్లమీద ఎక్కువగా కనిపించే 100 సీసీ తరగతి బండిని, ముందు డ్రమ్ము బ్రేకు ఉన్నదాన్ని, ఉదాహరణగా తీసుకుందాం.

ఇరుసు: ఫోర్కు రెండు కాళ్ల మధ్య అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ. బండి ముందు భాగపు బరువంతా దీని మీదుగానే చక్రానికి చేరుతుంది. దీని చివర నట్టు ఉంటుంది. కొన్ని బండ్లలో ఆ నట్టు వదులు కాకుండా స్ప్లిట్ పిన్ను కూడా ఉంటుంది.

బేరింగులు, స్పేసరు: చక్రం ఇరుసు చుట్టూ తేలికగా తిరిగేలా చేసేవి బేరింగులు. చక్రాన్ని ఫోర్కు మధ్యలో సరైన స్థానంలో నిలిపే చిన్న గొట్టం స్పేసరు.

బ్రేకు ప్లేటు: బ్రేకు షూలను మోసే గుండ్రటి మూత ఇది. చక్రం తిరుగుతున్నా ఇది తిరగదు. ఎందుకు తిరగదు? ప్లేటు అంచున ఒక గాడి ఉంటుంది. ఫోర్కు కాలిమీద ఉన్న ఒక చిన్న బొడిపె ఆ గాడిలో కూర్చుంటుంది. మీరు బ్రేకు నొక్కినప్పుడు షూలు డ్రమ్మును పట్టుకుంటాయి. అప్పుడు తిరిగే చక్రం షూలతో పాటు ప్లేటును కూడా తనతో తిప్పుకుపోవాలని చూస్తుంది. న్యూటన్ మూడవ నియమం ఇక్కడ కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. ఆ ప్రతిచర్యా బలాన్నంతటినీ తట్టుకునేది ఆ చిన్న బొడిపెయే.

బ్రేకు వేసినప్పుడు జడత్వం వల్ల బండి బరువు ముందు చక్రంపైకి మొగ్గుతుంది. అందువల్లనే గట్టిగా ఆపవలసి వచ్చినప్పుడు ముందు బ్రేకే ఎక్కువ పని చేస్తుంది. ఆ పని సవ్యంగా జరగడం పై గాడిమీద ఆధారపడి ఉంది.

3. పనికి ముందు

సమతలంగా, గట్టిగా ఉన్న నేలను ఎంచుకోండి. ఇంజను చల్లారే వరకు ఆగండి. మీ బండి నట్టుకు సరిగ్గా సరిపోయే స్పానర్లు, ఇరుసు రెండో కొనను పట్టుకోవడానికి మరో స్పానరు లేదా కడ్డీ, ఒక చెక్క దిమ్మె, పాత గుడ్డ, కొద్దిగా గ్రీజు, విప్పిన భాగాలు పెట్టుకోవడానికి ఒక పళ్లెం సిద్ధం చేసుకోండి. ఇటుకలు వాడవద్దు. అవి బరువుకు పగలవచ్చు. వీలైతే తోడుగా ఒకరిని ఉంచుకోండి. పిల్లలను దూరంగా ఉంచండి.

విప్పే ముందు రెండు వైపులా సెల్‌ఫోనుతో ఫోటోలు తీసుకోండి. కేబుళ్లు ఎటు నుంచి వెళ్తున్నాయో, టైరుమీద తిరిగే దిశను చూపే బాణం గుర్తు ఉంటే అది ఎటు ఉందో బిగించేటప్పుడు వాటిని చూసి పోల్చుకోవచ్చు.

4. విప్పే క్రమం

1) బండిని మెయిన్ స్టాండు మీద నిలపండి. చాలా బండ్లలో అప్పుడు వెనుక చక్రం లేచి, ముందు చక్రం నేలకు ఆనుతుంది. ఈ దశలో మనకు కావలసింది అదే.

2) బ్రేకు కేబులు చివరనున్న సర్దుబాటు నట్టును విప్పి, కేబులును బ్రేకు చేయి నుంచి తీయండి. స్ప్రింగు, చిన్న పిన్ను పళ్లెంలో వేయండి. స్పీడోమీటరు కేబులు ఉంటే దానినీ విడదీయండి.

3) స్ప్లిట్ పిన్ను ఉంటే తీసివేసి, ఇరుసు నట్టును అర చుట్టు మాత్రమే వదులు చేయండి. ఇది చక్రం నేలమీద ఉండగానే చేయాలి. చక్రం లేచిన తరువాత బలంగా లాగితే బండి స్టాండు మీద నుంచి ఒరిగిపోతుంది.

4) ఇప్పుడు తోడున్న వ్యక్తి బండిని వెనుక వైపు నొక్కి పట్టుకోగా, ఇంజను కింద చెక్క దిమ్మె పెట్టి ముందు చక్రాన్ని కొద్దిగా లేపండి. దిమ్మె ఇంజను ఆయిలు బోల్టు మీద గాని సైలెన్సరు గొట్టం మీద గాని ఆనకూడదు. బండిని అటూ ఇటూ నెమ్మదిగా కదిపి చూడండి. ఊగితే దిమ్మె సరిచేసిన తరువాతే ముందుకు సాగండి.

5) నట్టు పూర్తిగా తీసి, ఒక చేత్తో చక్రాన్ని పట్టుకుని రెండో చేత్తో ఇరుసును బయటకు లాగండి. రాకపోతే చెక్క ముక్కను అడ్డుపెట్టి మెల్లగా తట్టండి. సుత్తితో నేరుగా కొడితే ఇరుసు మరలు పాడవుతాయి. స్పేసరు ఏ వైపు నుంచి జారిందో గమనించండి.

6) చక్రాన్ని కిందికి దించి ముందుకు దొర్లించండి. బ్రేకు ప్లేటు డ్రమ్ము నుంచి విడిగా వస్తుంది.

5. విప్పినప్పుడు చూడవలసినవి

బేరింగు లోపలి వలయాన్ని వేలితో తిప్పండి. గరగరమన్నా, అటూ ఇటూ ఆడినా మార్చాలి. షూలు పలచబడ్డాయేమో, డ్రమ్ములో గాట్లు పడ్డాయేమో చూడండి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకండి. బ్రేకు దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. తడి గుడ్డతో తుడవండి. షూలకు, డ్రమ్ము లోపలి భాగానికి గ్రీజు తగలనీయకండి. ఘర్షణ తగ్గితే బ్రేకు పట్టదు.

6. బిగించే క్రమం

1) బ్రేకు ప్లేటును డ్రమ్ములో పెట్టండి. స్పీడోమీటరు గేరు ఉన్న బండ్లలో దాని కొక్కేలు హబ్బులోని గాడుల్లో కూర్చునేలా చూడండి.

2) చక్రాన్ని ఫోర్కు మధ్యకు తెచ్చి, ప్లేటు గాడి ఫోర్కు బొడిపె మీద కూర్చునేలా తిప్పండి. కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి. ఇది కుదరకపోతే మొదటిసారి గట్టిగా బ్రేకు నొక్కగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, కేబులును చుట్టేసి, చక్రాన్ని ఒక్కసారిగా బిగించివేస్తుంది. మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. ఈ పాఠంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోగలిగితే, గాడిలో బొడిపె ఉండాలన్న వాక్యాన్ని గుర్తుంచుకోండి.

3) ఇరుసును తుడిచి, పలచగా గ్రీజు రాసి, స్పేసరుతో సహా దూర్చండి. నట్టును చేత్తో తిరిగినంతవరకు తిప్పండి.

4) కేబుళ్లను తగిలించి, దిమ్మె తీసి చక్రాన్ని నేలకు దించండి. ముందు బ్రేకును గట్టిగా నొక్కి పట్టుకుని ఉండగా నట్టును బిగించండి. అప్పుడు షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి.

5) నట్టును ఎంత బిగించాలి? దీనికి కొలత బలభ్రామకం. బలాన్ని స్పానరు పొడవుతో గుణిస్తే వస్తుంది. 30 సెంటీమీటర్ల స్పానరు చివర 20 కిలోల బరువుకు సమానమైన బలం వేస్తే 0.3 × 20 × 9.8 = 58.8 న్యూటన్ మీటర్లు. అదే ఫలితం 15 సెంటీమీటర్ల స్పానరుతో రావాలంటే 40 కిలోల బలం కావాలి. బండితో వచ్చిన పొట్టి స్పానరుతో నట్టు ఎందుకు చాలీచాలకుండా బిగుస్తుందో దీనివల్ల తెలుస్తుంది. మీ బండికి ఎంత కావాలో మాన్యువల్‌లో ఉంటుంది. టార్కు స్పానరు లేనివారు ఆ సంఖ్య చూసి పై లెక్కతో అంచనా వేసుకుని, దగ్గరలోని మెకానిక్కు చేత ఒకసారి సరిచూపించుకోవడం మంచిది.

6) స్ప్లిట్ పిన్ను ఉన్న బండికి కొత్త పిన్నే వేయండి. ఒకసారి వంచి తీసినది మళ్లీ వంచితే విరుగుతుంది.

7) బ్రేకు లివరు పట్టు మొదలయ్యేలోపు దాని చివర ఎంత ఖాళీగా కదలాలో మాన్యువల్ చెబుతుంది. ఈ తరగతి బండ్లలో సాధారణంగా అది 10 నుంచి 20 మిల్లీమీటర్లు. దాని ప్రకారం సర్దుబాటు నట్టును తిప్పండి.

7. డిస్కు బ్రేకు ఉంటే

చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు లివరును తాకవద్దు. డిస్కు మధ్యలో లేకపోతే ద్రవపీడనం ప్యాడ్లను దగ్గరకు నెట్టివేస్తుంది. తిరిగి డిస్కు పట్టదు. మరింత నొక్కితే పిస్టను బయటకు రావచ్చు. ముందు జాగ్రత్తగా ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క ఉంచండి. డిస్కుకు గ్రీజు, నూనె చేతులు తగలకూడదు. బిగించిన తరువాత లివరు గట్టిపడే వరకు పలుమార్లు నొక్కాలి. మొదటి నొక్కుకు బ్రేకు పట్టకపోవచ్చు కనుక, బండి కదలక ముందే ఈ పని పూర్తికావాలి.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో ఇంజను సామర్థ్యాన్ని బట్టి కాంబీ బ్రేకు గాని ఏబీఎస్ గాని ఉంటుంది. కాంబీ బ్రేకు బండిలో వెనుక పెడలు తొక్కినా ముందు బ్రేకు పనిచేస్తుంది. కాబట్టి పెడలునూ తాకవద్దు. ఏబీఎస్ బండిలో చక్రం వద్ద ఉండే సెన్సరు తీగ లాగబడకుండా చూడండి.

8. పని ఎప్పుడు పూర్తయినట్లు?

నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం సాయంత్రం నా బండి చక్రం బిగిస్తూ ఉండగా బంధువులు వచ్చారు. నట్టును చేత్తో తిప్పి లోపలికి వెళ్లాను. మాటల్లో పడి మరచిపోయాను. మరునాడు కాలేజీకి బయలుదేరుతుండగా మా ఆవిడ, "ఈ స్పానరు వరండాలోనే పడి ఉందేమండీ?" అని అడిగింది. అప్పుడు వంగి చూస్తే నట్టు వేళ్లతోనే తిరుగుతోంది. చక్రం విప్పడం, బిగించడం నాకు బాగా వచ్చు. రానిది ఏదీ ఆ రోజు లేదు. పని మధ్యలో ఆగడమే ముప్పు తెచ్చింది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పని మొదలుపెట్టగానే బండి తాళంచెవిని భాగాలున్న పళ్లెంలోనే వేస్తాను. హ్యాండిలుకు ఎర్రగుడ్డ కడతాను. కింది పరీక్షలు అన్నీ అయిన తరువాతే గుడ్డ విప్పుతాను. మీరూ అలాగే చేయండి.

• పళ్లెంలో భాగమేదీ మిగలలేదు.
• చక్రాన్ని లేపి తిప్పితే తేలికగా, ఊగకుండా తిరుగుతోంది.
• బ్రేకు నొక్కితే ఆగుతోంది, వదిలితే మళ్లీ తిరుగుతోంది.
• నట్టు, పిన్ను, గాడి మరోసారి చూశారు.
• బండిని నెడుతూ బ్రేకు వేసి చూశారు. తరువాత ఖాళీ స్థలంలో నడక వేగంతో నడిపి మళ్లీ చూశారు.

మొదటి ప్రయాణం అయ్యాక, మళ్లీ ఒకటి రెండు రోజుల తరువాత నట్టును సరిచూడండి.

9. సారాంశం

ముందు చక్రం విప్పడంలో నట్టును నేలమీద ఉండగా వదులు చేయడం, బండిని స్థిరంగా లేపడం ముఖ్యం. బిగించడంలో గాడిలో బొడిపె కూర్చోవడం, నట్టుకు తగిన బలభ్రామకం, బ్రేకు సర్దుబాటు ముఖ్యం. పరీక్ష పూర్తికాని పని సగం పని. అనుమానం ఉంటే బండి ఎక్కవద్దు. చేసిన పనిని మెకానిక్కుకు చూపించడంలో నామోషీ లేదు.

10. మీ ప్రగతిని సరిచూసుకోండి

1) ఇరుసు నట్టును చక్రం నేలమీద ఉండగానే ఎందుకు వదులు చేయాలి?
2) బ్రేకు ప్లేటు గాడి సరిగా కూర్చోకపోతే ఏమి జరుగుతుంది? న్యూటన్ మూడవ నియమం ఆధారంగా వివరించండి.
3) 25 సెంటీమీటర్ల స్పానరు చివర 20 కిలోల బరువుకు సమానమైన బలం వేస్తే వచ్చే బలభ్రామకం ఎంత? (జవాబు: 49 న్యూటన్ మీటర్లు)
4) మీ ఇంట్లోని బండి ముందు చక్రాన్ని విప్పకుండానే పరిశీలించి, దాని భాగాల పటం గీసి, ఒక్కొక్కటి మోసే బలాన్ని రాయండి.