చోటు, క్రియ: చైనా భాష, పాలమూరు పలుకు

క్రియ కాలమును మాత్రమే తెలుపదు. పని ముగిసినదా, ఇంకను సాగుచున్నదా అనునది కూడ తెలుపును. పని జరిగిన చోటును తెలుపు మాటకు దీనితో గల సంబంధమును చైనా భాష స్పష్టముగా చూపును.

చైనా భాషలో క్రియ రూపము మారదు. పని ముగిసినదనుటకు క్రియ తరువాత ‘ల’ అను చిన్న మాటను, స్థితి నిలిచియున్నదనుటకు ‘చ’ అను మాటను చేర్చుదురు. ‘ల’ భూతకాల ప్రత్యయము కాదు. రేపు ముగియబోవు పనికిని అది వచ్చును. ఆ భాషకు మన విభక్తుల వంటివి లేవు. కనుక చోటును తెలుపు మాట ఎక్కడ నిలిచినదనునదే ముఖ్యము. ‘బల్లమీద’ అను మాటను క్రియకు ముందుంచినచో, పిల్లి బల్లమీదనే ఉండి గెంతుచున్నదని అర్థము. క్రియకు తరువాత ఉంచినచో, క్రిందినుండి గెంతి బల్లమీదికి చేరినదని అర్థము. మొదటి వాక్యములో పని సాగుచున్నది. రెండవదానిలో గమ్యము చేరి ముగిసినది. అన్ని క్రియలకును ఈ రెండవ అమరిక ఒప్పదు. ‘తిను’ వంటి క్రియకు చోటు ముందే రావలెను.

తెలుగులో ఈ భారమును విభక్తి వహించును. ‘పిల్లి బల్లమీదికి గెంతినది’ అన్నను, ‘బల్లమీదికి గెంతినది పిల్లి’ అన్నను అర్థభేదము లేదు. ‘కి’ ఒక్కటి తొలగించి చూడుడు, పిల్లి ముందే బల్లమీద ఉన్నట్లగును!

అయితే ప్రత్యయములు ప్రాంతమునుబట్టి మారును. 2016కు పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలో ‘నుండి’ అను అర్థమున ‘కెళ్ళి’ అందురు. ‘ఇంట్లకెళ్ళి’ అనగా ఇంటిలోనుండి. మహబూబ్‌నగర్‌కే పాలమూరు అని పేరు. ఆనకట్టల, కాలువల పనులకు దూరప్రాంతములకు వలసపోయిన పాలమూరు కూలీలు ప్రసిద్ధులు. అట్టివాడొకడు కృష్ణా డెల్టాలో ‘పాలమూరుకెళ్ళి వచ్చిన’ అనెననుకొనుడు. విన్న గుమాస్తా ‘పాలమూరుకు వెళ్ళి తిరిగి వచ్చినాడు’ అని వ్రాసికొనవచ్చును. చెప్పినవాని భావము ‘పాలమూరునుండి వచ్చినాను’ అని. స్వస్థలము కాస్తా పోయివచ్చిన ఊరైనది. చిరునామాలు నమోదుచేయు చోట ఇది చిన్న పొరపాటు కాదు.

పాలమూరువానికి ఈ సందేహమే రాదు. అతని నోట ఈ అర్థమున ‘వెళ్ళుట’ కంటె ‘పోవుట’యే ఎక్కువగా వినవచ్చును. వెళ్ళి తిరిగి వచ్చినచో ‘పాలమూరుకు పోయి వచ్చిన’ అని చెప్పును. ‘వచ్చిన’ అను క్రియ అసంపూర్ణమని కొందరు పరిహసింతురు, అది తగదు. అది ‘వచ్చినాను’ అనుదానికి కుదింపు. వాక్యాంతమున నిలిచి ‘నేను’ అను కర్తను, ముగిసిన పనిని కూడ తెలుపును. ‘వచ్చిన మనిషి’ అన్నప్పుడు అదే రూపము నామమునకు విశేషణమగును. ఇక్కడ మాత్రము చైనా భాషయందువలెనే, మాట నిలిచిన తావునుబట్టియే అర్థము తెలియును.