బావిలో చేరిన నత్రజని

నీరు తేటగా, తియ్యగా నున్నచో మంచిదేయని మన పల్లెలలో తలచుదురు. నైట్రేటు విషయములో ఈ పరీక్ష పనికిరాదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచికి తెలియదు. కాచినను పోదు, నీరు ఆవిరియైన కొలది చిక్కబడును.

యూరియా నేలలో మొదట అమ్మోనియాగాను, పిదప సూక్ష్మజీవుల వలన నైట్రేటుగాను మారును. అమ్మోనియాను బంకమన్ను పట్టియుంచును, నైట్రేటును పట్టియుంచలేదు. పైరు పీల్చగా మిగిలినది వానతోను, తడితోను క్రిందికి దిగిపోవును. చలక నేలలలో, ఇసుక నేలలలో ఈ నష్టము హెచ్చు. నీరు నిలిచిన వరిమడిలో కొంత వాయురూపమున పోవును గనుక బావికి చేరునది తక్కువ. రైతు డబ్బు మాత్రము పోయినట్లే.

నేరమంతయు ఎరువుది కాదు. బావి చెంత పెంటకుప్ప, దొడ్డి మురుగు, మరుగుదొడ్డి గొయ్యి ఉన్నచో ఊరి నడుమ బావియే పొలము బావికన్న ఎక్కువ చెడవచ్చును.

త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణము. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదికలో దేశమందలి నమూనాలలో సుమారు 20 శాతము ఈ హద్దు దాటినవి. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 23, తెలంగాణలో 27 శాతము.

ముప్పు ముఖ్యముగా ఆరు నెలల లోపు పోతపాల బిడ్డలకు. ఇట్టి నీటితో పాలు కలిపి పట్టినచో నైట్రేటు కడుపులో నైట్రైటుగా మారి, రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. బిడ్డ పెదవులు, గోళ్లు నీలివర్ణమగును. అమెరికాలోని అయోవాలో బావినీటి వలన ఇట్లు జరుగుచున్నదని 1945లో డాక్టరు హంటర్ కోమ్లీ వెల్లడించెను. తల్లిపాలు త్రాగు బిడ్డకు ఈ భయము దాదాపు లేదు.

రైతులు సాధారణముగా వేయని లెక్క యొకటి కలదు. లీటరుకు 90 మిల్లీగ్రాముల నైట్రేటున్న బావినీటిని ఎకరాకు మొత్తము 10 అంగుళములు పారించినచో, సుమారు 21 కిలోల నత్రజని పొలమునకు చేరును. 45 కిలోల యూరియా బస్తాలోను ఉన్నది అంతే! ఇది తెలియక మరల నిండు మోతాదు వేసినచో, ఆ మిగులు మరల అదే బావికి దిగును.

కావున నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ ఫలితమును, భూసార పరీక్షా ఫలితమును వ్యవసాయాధికారికి చూపి మోతాదు తగ్గించుకొనవలెను. యూరియాను ఒకేసారి గాక దఫాలుగా వేయుట, వేసిన వెంటనే అతిగా తడి పెట్టకుండుట అవసరము. పంచాయతీ వారు వర్షములకు ముందొకసారి, తరువాత నొకసారి నమూనా పంపి, హద్దు దాటిన బావి యేదియో పసిబిడ్డలున్న ప్రతి యింటికిని తెలుపవలెను.