కనురెప్ప అంచున జిగురు

కనురెప్పల వెంట్రుకలు ఎంత పొడుగుంటే కంటికి అంత రక్షణ అనుకుంటాం. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 22 రకాల క్షీరదాల కళ్లను కొలిచి 2015లో చెప్పిన మాట వేరు. ఆ వెంట్రుకల పొడవు దాదాపు అన్నిటిలోనూ కంటి వెడల్పులో మూడో వంతే. నమూనా కంటి మీదికి గాలి వదిలి చూస్తే, ఆ పొడవు దగ్గరే తడి తక్కువగా ఆరింది, దుమ్ము తక్కువగా చేరింది. అంతకు మించితే వెంట్రుకలే గాలిని కంట్లోకి మళ్లించాయి. పార్లర్లలో ఐలాష్ ఎక్స్‌టెన్షన్లు పెట్టించుకునేవారు ముందుగా ఆలోచించాల్సింది ఇదే: కంటిని కాపాడే ఏర్పాటునే మనం మారుస్తున్నాం.

ఇక జిగురు సంగతి. కళ్లు మూయించి, ఒక్కో సొంత వెంట్రుకను పట్టకారుతో విడదీసి, చర్మానికి కాస్త ఎడంగా కృత్రిమ వెంట్రుకను అంటిస్తారు. వాడేది సయనోఅక్రిలేట్ జాతి జిగురు, ఇంట్లో వాడే ఫెవిక్విక్ లాంటిదే. రెప్ప సరిగా మూసుకోకపోతే దాని ఆవిరి కంటికి తగులుతుంది. ఎక్స్‌టెన్షన్ల వల్ల ఇబ్బందిపడిన 107 మంది మహిళల వివరాలను జపాన్ వైద్యులు 2012లో ప్రచురించారు. 64 మందికి కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర), తెల్లగుడ్డును కప్పే పలుచని పొర వాచాయి. 42 మందికి రెప్పల అలర్జీ వచ్చింది. వాళ్లు పరీక్షించిన జిగురుల్లో ఫార్మాల్డిహైడ్ కూడా బయటపడింది. వీళ్లంతా బాధతో వైద్యుల దగ్గరికి వెళ్లినవారే కాబట్టి, వేయించుకున్న అందరికీ ఇలాగే అవుతుందని అనలేం. కానీ హాని ఏ దారిన వస్తుందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తోంది.

కార్నియాకు చిల్లు పడితే కంటి డాక్టర్లు కూడా ఈ జాతి జిగురే వాడతారు కదా అనవచ్చు. నిజమే. అది వైద్యం కోసం తయారైన రకం, చూపు కాపాడటానికి ఒక్క చుక్క వేసి, పైన లెన్సు కప్పుతారు. చేయి తిరిగిన బ్యూటీషియన్ అయితే భయం లేదనే మాటలోనూ సగమే నిజం. నైపుణ్యం ఉంటే జిగురు కంట్లో పడే ప్రమాదం తగ్గుతుంది, అలర్జీ మాత్రం ఆగదు. ఇన్నాళ్లూ ఒంటికి సరిపడిన జిగురు ఉన్నట్టుండి సరిపడకపోవచ్చు కూడా. నా దృష్టిలో అసలు నష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది. ఊడిపోతాయన్న భయంతో రెప్పలు కడగడం మానేస్తారు. పై రెప్ప అంచులోనే కన్నీరు త్వరగా ఆరకుండా చూసే నూనె గ్రంథులు సుమారు 25 నుంచి 40 వరకూ ఉంటాయి. వాటి మూతుల దగ్గర కాటుక, జిడ్డు, దుమ్ము పేరుకుంటే అంచు వాచి, దురద పెడుతుంది, కళ్లు పొడిబారతాయి.

అయినా పెట్టించుకోవాలనుకుంటే ముందు ప్యాచ్ టెస్ట్ (జిగురు సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) అడగండి, తర్వాత రెప్పలను శుభ్రంగా ఉంచుకోండి. కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా అంటించిన వెంట్రుకలను చేత్తో పీకకండి. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.