బడికి వెళ్ళే ముందు... ఐదేళ్ళ టీకా వేయించారా?

జూన్ వస్తోందంటే ప్రతి ఇంట్లోనూ హడావుడే. యూనిఫారాలు కుట్టించాలి, బూట్లు కొనాలి, లంచ్ బాక్సు, నీళ్ళ సీసా... జాబితా చాంతాడంత! అందులో ఒక్కటి మాత్రం తరచూ మరుగున పడిపోతుంది. అదే ఐదేళ్ళ టీకా. చేర్చుకునేటప్పుడు పుట్టినతేదీ సర్టిఫికెట్ అడుగుతారు, ఫొటోలు అడుగుతారు. టీకాల కార్డు మాత్రం అన్ని స్కూళ్ళవాళ్ళూ అడగరు. కనుక గుర్తుపెట్టుకోవలసింది మనమే.

"మావాడికి పసితనంలోనే అన్నీ వేయించేశాంగా!" అంటారు చాలామంది తల్లులు. నిజమే. రెండేళ్ళలోపు టీకాలన్నిటికీ శ్రద్ధగా తిరుగుతాం. ఆ తర్వాత కార్డు బీరువాలో చీరల కిందికి చేరుతుంది. తర్వాతి టీకాకి మూడేళ్ళకు పైగా వ్యవధి ఉండటంతో అది కాస్తా మరపున పడుతుంది.

మళ్ళీ ఎందుకు?

కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం - ఈ మూడింటి నుంచి పసితనంలో వేసిన టీకాలు ఇచ్చే రక్షణ ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఏడాదిన్నర దాటాక ఒకసారి, ఐదేళ్ళు నిండాక మరోసారి డి.పి.టి. బూస్టర్ వేస్తారు. పొయ్యిలో మంట తగ్గేవేళకి మరో కట్టె ఎగదోసినట్టన్నమాట. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు పాతికమందితో కలిసి ఒకే గదిలో కూర్చోవడం మొదలవుతుంది.

డాక్టర్లు డిఫ్తీరియా అనే కంఠసర్పి దగ్గు, తుమ్ముల ద్వారా అంటుకుంటుంది. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరికి అడ్డుపడుతుంది. ఆ క్రిమి విడిచే విషం గుండెను, నరాలను దెబ్బతీస్తుంది. ప్రాణాలే పోవచ్చు. "అది అమ్మమ్మల కాలం నాటి జబ్బు కదా" అనుకోకండి. 2000 తర్వాత కూడా హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఈ జబ్బుతో పిల్లలు చేరుతూ వచ్చారు. బూస్టర్లు తప్పిపోయిన, బడికెళ్ళే వయసు పిల్లలకు ఇది వస్తోందని మన దేశంలో డాక్టర్లు గమనించారు.

కార్డు తీసి చూడండి

ముఖ్యమైన గడులు ఇవి:

* పుట్టగానే: బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి.
* 6, 10, 14 వారాలకు: పెంటావలెంట్ ఇంజక్షన్, పోలియో చుక్కలు, రోటా చుక్కలు.
* 9 నెలలు నిండాక: తట్టు, రుబెల్లాలకు ఎం.ఆర్. మొదటి డోసు.
* 16-24 నెలల మధ్య: ఎం.ఆర్. రెండో డోసు, డి.పి.టి. మొదటి బూస్టర్, పోలియో చుక్కలు.
* 5-6 ఏళ్ళ మధ్య: డి.పి.టి. రెండో బూస్టర్.

మధ్యలో ఏదైనా తప్పిపోయిందా? కంగారు పడకండి. మళ్ళీ మొదటినుంచీ వేయించాల్సిన పనిలేదు, ఆగిన చోటినుంచి కొనసాగిస్తారు. అయితే డి.పి.టి.ని ఏడేళ్ళలోపే వేస్తారు. ఆ వయసు దాటితే దాని బదులు టి.డి. టీకా ఇస్తారు. కార్డు పోయినట్లయితే మీ ప్రాంతపు ఎ.ఎన్.ఎమ్.ని అడగండి, రిజిస్టరులో వివరాలు దొరకవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ టీకాలన్నీ ఉచితమే.

టీకా వేసిన రోజు

కాస్త జలుబు, దగ్గు ఉన్నంతమాత్రాన వాయిదా వేయనక్కరలేదు. తీవ్రమైన జ్వరం ఉంటే మాత్రం డాక్టరుకి చెప్పండి. ఇంజక్షన్ వేశాక అరగంట అక్కడే కూర్చోండి. చెయ్యి కొంచెం వాచడం, ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడటం మామూలే. ఆ చోట నూనె రాసి మర్దనా చేయకండి. తడిగుడ్డ వేస్తే ఉపశమనంగా ఉంటుంది. జ్వరం మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే వేయండి. జ్వరం తగ్గకపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పనిలో పనిగా ఇవీ చూడండి

తనకు సరిగా కనిపించడం లేదని ఐదేళ్ళ పిల్లకు తెలియదు. టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటోందా, ఒక కన్ను మూసి చూస్తోందా గమనించండి. పిలిస్తే పలక్కపోవడం ప్రతిసారీ పెంకితనం కాదు, చెవిలో చీము కావచ్చు. పుచ్చిన పళ్ళుంటే బడి తెరవకముందే చూపించండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో అంగన్‌వాడీల్లో, బడుల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు. ఆ రోజు పిల్లల్ని మానిపించకండి. వారానికోసారి బడిలో ఇచ్చే గులాబీరంగు ఐరన్ మాత్రను ఖాళీ కడుపుతో కాక, భోజనం చేశాకే వేసుకోమని చెప్పండి.

ఐదేళ్ళ గడి ఖాళీగా ఉంటే ఈ వారమే నింపించండి. తర్వాత కార్డుని బీరువాలో పెట్టినా చీరల కింద మాత్రం పెట్టకండి. పదేళ్ళకి, పదహారేళ్ళకి టి.డి. టీకా కోసం దాన్ని మళ్ళీ తీయాల్సిందే!