శోధన తలుపు తట్టే వేళ



మా వార్డులో తరచు వినబడే మాట ఒకటి ఉంది. “కూడికలో తీర్మానం చేసుకున్నాను డాక్టరుగారూ, ఇక ముట్టకూడదనుకున్నాను. నెల తిరగకుండానే మళ్లీ పడిపోయాను.” ఈ మాట చెప్పేటప్పుడు వారు తల ఎత్తరు. పక్కన నిలబడిన భార్య కళ్లు తుడుచుకుంటుంది. సారా, బ్రాందీ, బీడీ, గుట్కా – పేరు ఏదైనా కథ ఒకటే. ఈ సహోదరులకు విశ్వాసం లేదని మేము అనుకోము. శోధన ఏ దారిన వస్తుందో తెలియక, సిద్ధపడకుండా దానికి ఎదురు వెళ్లారు, అంతే.

శోధన వేరు, పాపం వేరు

యేసుప్రభువు కూడా మనవలెనే శోధింపబడ్డాడని, అయినా పాపం చేయలేదని హెబ్రీ పత్రిక 4వ అధ్యాయం చెబుతున్నది. కాబట్టి తాగాలని మనసు లాగినంత మాత్రాన ఓడిపోయామని కుంగిపోనక్కరలేదు. యాకోబు భక్తుడు తన పత్రిక మొదటి అధ్యాయంలో దీనిని ఒక వంశావళిలా చూపించాడు. దురాశ తల్లి, పాపం బిడ్డ, మరణం మనుమడు. తల్లి దగ్గరే అడ్డుకుంటే మిగిలిన ఇద్దరూ పుట్టరు.

అది వచ్చే వేళ

మత్తయి 4వ అధ్యాయంలో అపవాది రొట్టె మాట ఎప్పుడు ఎత్తాడు? ప్రభువు 40 దినాలు ఉపవాసముండి ఆకలిగొన్నప్పుడు. మన బలహీన ఘడియ వాడికి తెలుసు. వ్యసనం మానుతున్నవారు నాలుగు వేళల్లో జాగ్రత్తగా ఉండాలని వైద్యులు చెబుతారు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. మన ఊళ్లలో మరి మూడు ఉన్నాయి. కూలి డబ్బు చేతికందిన సాయంత్రం, పెళ్లి ఇల్లు లేక చావు ఇల్లు, పాత స్నేహితుడు “ఈ ఒక్కసారికేరా” అనే క్షణం. మీరు ఎక్కువగా పడిపోయేది వీటిలో ఎప్పుడో ఒక కాగితం మీద రాసుకోండి.

ఎదిరించే విధము

యోసేపు పోతీఫరు భార్యతో చివరిసారి వాదన పెట్టుకోలేదు. పైవస్త్రం వదిలేసి పారిపోయాడు. అది పిరికితనం కాదు. మద్యం దుకాణం ముందు నుంచి నడుస్తూ ధైర్యం కోసం ప్రార్థించడం కంటే వేరే వీధిన ఇంటికి చేరడం మేలు. జీతం నేరుగా ఇంట్లో అందే ఏర్పాటు చేసుకోండి.

పొగాకు మీద కోరిక అలవంటిది. లేస్తుంది, సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. ఆ కొద్దిసేపూ మంచినీళ్లు నెమ్మదిగా తాగండి, నడవండి, కంఠతా వచ్చిన వాక్యం పైకి చెప్పండి. ప్రభువు మూడుసార్లూ వాక్యంతోనే జవాబిచ్చాడు గదా! దేవుడు శోధనతోపాటు తప్పించుకొనే దారి కూడా చూపిస్తాడని 1 కొరింథీ 10:13 మనకు వాగ్దానం. ఆ దారి ఒక్కోసారి పొరుగింటి సహోదరుని ఫోను నంబరే కావచ్చు. ఒంటరిగా పోరాడకండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం ఉంది. కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర రాకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి లేనివి కనబడతాయి. ఇది దయ్యం పట్టడం కాదు, వైద్యం అవసరమైన స్థితి. గదిలో కట్టివేసి ఉంచితే ప్రాణం పోవచ్చు. ప్రార్థిస్తూనే ఆసుపత్రికి తీసుకురండి. ఇంకా మేలు, మానేముందే వచ్చి డాక్టరును కలవండి. తాగుడు మాన్పించే మాత్రలు అతనికి తెలియకుండా కూరలో కలపకండి. కొన్ని మాత్రల మీద తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది.

బీడీ, గుట్కా ఆపితే ఇలాంటి ప్రమాదం లేదు. చిరాకు మొదటి వారం ఎక్కువగా ఉండి కొన్ని వారాల్లో తగ్గుతుంది. నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం ఉంటే ఆలస్యం చేయక చూపించుకోండి.

మళ్లీ పడితే?

పేతురు మూడుసార్లు బొంకాడు. ప్రభువు అతనిని తిబెరియ సముద్రతీరాన పిలిచి తన గొర్రెలను అప్పగించాడు. పడిన సహోదరుడు ఆదివారం గుడి మెట్లెక్కినప్పుడు గుసగుసలాడక పక్కన చోటివ్వండి. ఆ చోటు దొరకకే చాలామంది మళ్లీ సీసా దగ్గరకు వెళతారు.

పొగాకు మానడానికి 1800-112-356, మనోవేదనలో ఉంటే 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. మా తలుపులు మీకు తెరిచే ఉన్నాయి. మీ కొరకు ప్రార్థిస్తున్నాము.