సూరత్ మగ్గాల వాడలో ఒక చట్టానికి పరీక్ష

పెద్ద నోట్ల రద్దుపై చెలరేగిన ఆగ్రహావేశాలతో పార్లమెంటు ఉభయ సభలు దాదాపు స్తంభించిపోయిన 2016 శీతాకాల సమావేశాల చివరి మూడు రోజులలో ఒక బిల్లు మాత్రం నిరాటంకంగా గట్టెక్కింది. డిసెంబర్ 14న రాజ్యసభ, 16న లోక్‌సభ ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం అది. అన్ని పక్షాలూ ఏకకంఠంతో బలపరచిన బిల్లును ఎవరూ పూర్తిగా చదవరన్నది రాజధానిలో పాత అనుభవమే. చదివి ఉంటే 30వ సెక్షన్ వద్ద కొందరైనా ఆగి ఉండేవారు.

క్రీడలకు సంబంధించిన సెక్షన్ అది. క్రీడా వసతులను వికలాంగులకు అనువుగా తిరిగి తీర్చిదిద్దాలనీ, వారందరూ చురుకుగా పాల్గొనేందుకు క్రీడలన్నిటిలోను బహుళ ఇంద్రియాలకు అందే సదుపాయాలు కల్పించాలనీ అది ప్రభుత్వాలను ఆదేశిస్తున్నది. మన ఇంజనీరింగ్ శాఖల నిఘంటువులో వికలాంగులకు సదుపాయమంటే ర్యాంపు. గుమ్మం పక్కన కాస్త సిమెంటు ఏటవాలుగా పోసి, చక్రాల కుర్చీ బొమ్మ వేస్తే విధి తీరిపోయినట్లే. చట్టం మాత్రం కంటినీ చెవినీ స్పర్శనూ కూడా లెక్కలోకి తీసుకున్నది. ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే ఆ సెక్షన్‌ను ఢిల్లీ సచివాలయాల నుంచి కాక, సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వాడల నుంచి చదవాలి.

భీవండి, షోలాపూర్‌ల వలెనే సూరత్ కూడా తెలంగాణ చేనేత కుటుంబాలకు రెండవ పుట్టిల్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి చేతిమగ్గం చితికిపోయి తరలివెళ్లిన పద్మశాలీలు అక్కడి మరమగ్గాలపై తరాలుగా బట్ట నేస్తున్నారు. మునిసిపల్ పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే ఆ జనసంఖ్యను ఊహించుకోవచ్చు. మరమగ్గాల షెడ్డులో ధ్వని 90 డెసిబెళ్లను దాటడం సర్వసాధారణం. ఎనిమిది గంటల పనికి మన నిబంధనలు ఒప్పుకొనే గరిష్ఠ పరిమితి అదే. సూరత్ మగ్గాలపై షిఫ్టు తరచు పన్నెండు గంటలు.

ఈ రొద చెవిని ఒక్కసారిగా మూసివేయదు. మొదట దెబ్బతినేది నాలుగు వేల హెర్ట్‌జ్ ప్రాంతంలోని సన్నని ధ్వనులను పట్టే శక్తి. మాట వినిపిస్తుంది, అర్థం కాదు. అచ్చులు అందుతాయి, సకార శకారాలు జారిపోతాయి. నలుగురు కలిసి మాట్లాడే చోట మరీ కష్టం. రిఫరీ ఊదే ఈలలోని ప్రధాన ధ్వని కూడా ఇంచుమించు ఆ ప్రాంతానిదే. శ్రవణశక్తి పోవడాన్ని వృత్తిరోగంగా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు అనుబంధంలో చేర్చారు గాని, చిన్న షెడ్డులలో ఆ చట్టం జాడ ఎన్నడూ పెద్దగా లేదు. ఇక కొత్త చట్టం లెక్కలో రెండు చెవులలోను 60 డెసిబెళ్ల లోపం ఉంటేనే వినికిడి తక్కువైన వ్యక్తి. 70 అయితే బధిరుడు. యాభై దగ్గర ఆగిన నేతకార్మికుడు ఏ జాబితాకూ చెందడు. ధ్రువపత్రం అతనికి రాదు. కాని మైదానంలో ప్రకటన వినిపించని మాట నిజం.

సర్టిఫికెట్ అడగకుండా అందరికీ పనికివచ్చేలా కట్టాలని వాదించడానికి ఇంతకంటే మంచి కారణం ఈ విలేఖరికి కనిపించదు. స్కోరునూ ప్రకటననూ పెద్ద అక్షరాలతో తెరపై చూపితే బధిరునితో పాటు ఆ నేతకార్మికుడూ చదువుకుంటాడు. ఈలతో పాటు రిఫరీ జెండా ఊపితే అతని కొడుకూ చూస్తాడు. ప్రమాద ఘంటకు తోడుగా మెరిసే దీపం పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఇండోర్ హాలు గోడలకు, పైకప్పుకు ధ్వనిని పీల్చే పలకలు వేస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. శ్రవణ యంత్రం పెట్టుకున్నవానికి అది ఎంత ఉపకారమో, గోల భరించలేని ఆటిజం బాలునికీ అంతే. ఆ బాలుని కోసం పెవిలియన్‌లో నిశ్శబ్దంగా, వెలుతురు తక్కువగా ఉండే చిన్న గది ఒకటి విడిచిపెట్టడం విదేశాలలో ఇప్పుడు పరిపాటి. మన నమూనాలలో మాత్రం ముందుగా గీసేది వి.ఐ.పి. గదినే.

చూపు లేనివారి క్రికెట్ సంగతి తీసుకుందాం. గట్టి ప్లాస్టిక్ బంతిలో చిన్న గుళ్లు గలగలలాడుతుంటే ఆ సవ్వడిని బట్టి బ్యాట్ తిప్పుతారు. బౌలింగ్ చేయి కింది నుంచే. వేయబోయే ముందు సిద్ధమేనా అని అడిగి, జవాబు విన్న తర్వాతనే బంతి వదలాలి. పూర్తిగా చూపు లేని ఆటగాని పరుగు రెండుగా లెక్క. ఈ ఆటకు మైదానంలో మొదటి వసతి నిశ్శబ్దం. పక్కన లౌడ్ స్పీకరు మోగితే పిచ్ ఎంత బాగున్నా ఆట లేదు. ఉమ్మడి గుంటూరు జిల్లాకు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఈ ఆటలో భారత జట్టుకు నాయకత్వం వహించి, 2022లో టి-20 ప్రపంచ కప్పు గెలిపించి, 2023 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నాడు. 2025 నవంబర్‌లో మన మహిళల జట్టు కొలంబోలో తొలి ప్రపంచ కప్పు సాధించింది. అభినందన సభలకు కొరత లేదు. ఆ బంతి సవ్వడి వినిపించే మునిసిపల్ మైదానాలు ఎన్ని ఉన్నాయన్నది వేరే లెక్క.

మైదానానికి చేరుకునే దారి సంగతీ అంతే. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్గదర్శకాలలో ఇది వివరంగా ఉన్నది. పాదానికి తగిలే గీతల పలకలు సాగిపొమ్మంటాయి, చుక్కల పలకలు ఆగమంటాయి. మెట్టు అంచుకు ముదురు రంగు వేస్తే మసక చూపుకు మెట్టు కనిపిస్తుంది. ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించరాదు. సూరత్‌లో కొత్తగా వేసే ప్రతి ఆటస్థలాన్నీ ఈ కొలతలతో తూచవచ్చు.

కొలతలున్నాయి, కట్టుబాటే లేకపోయింది. నిబంధనలు 2017 జూన్ 15న వెలువడ్డాయి. పాత ప్రభుత్వ భవనాలన్నిటినీ అయిదేళ్లలో అనువుగా మార్చాలన్న గడువు 2022 జూన్‌లో దాటిపోయింది. దృష్టిలోపం గల రాజీవ్ రాతూరీ 2005లో వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పు చెబుతూ, ప్రమాణాలను కేవలం సలహాలుగా మిగిల్చిన 15వ నిబంధన మూల చట్టానికే విరుద్ధమని కొట్టివేసింది. క్షేత్రస్థాయి పరిస్థితిపై ధర్మాసనానికి నివేదిక ఇచ్చినది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే. తప్పనిసరి నిబంధనలను మూడు నెలలలో రూపొందించాలని కోర్టు ఆదేశించింది. ఆ మూడు నెలలు 2025 ఫిబ్రవరిలో ముగిశాయి. వికలాంగులను దివ్యాంగులని పిలవాలని నిర్ణయించడానికి మాత్రం ఢిల్లీకి ఇంతకాలం పట్టలేదు.

గుజరాత్‌కు ఇప్పుడు తొందర ఉన్నది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖరారయ్యాయి; 2002 మాంచెస్టర్ నుంచి ఆ క్రీడలలో వికలాంగుల పోటీలూ భాగమే. టోక్యోలో రజతం తెచ్చిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి భావినా పటేల్ ఆ రాష్ట్రపు బిడ్డ. సూరత్ కూడా అనుభవం లేని ఊరు కాదు. 2022 జాతీయ క్రీడలలో బాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ పోటీలకు అక్కడి దీన్‌దయాళ్ ఇండోర్ స్టేడియమే వేదిక. బాడ్మింటన్ మిశ్రమ జట్ల స్వర్ణం తెలంగాణకు దక్కినదీ అక్కడే. కాబట్టి నిధులు వస్తాయి, పెద్ద స్టేడియాలు లేస్తాయి, వాటిలో ర్యాంపులూ ఉంటాయి. కాని వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచిన దీప్తి జీవన్‌జీ పరుగు మొదలుపెట్టినది అంతర్జాతీయ స్టేడియంలో కాదు. ఆమె వంటి బాలిక ఆ జిల్లా నుంచే వలసపోయిన నేతకార్మికుని ఇంట లింబాయత్‌లో ఉంటే, ఆమెకు కావలసినది నడిచిపోగల దూరంలో ఒక మైదానం, అక్కడ బెదరగొట్టని ఒక పెవిలియన్.

చేతకాదని ఆ నగరపాలక సంస్థ అనలేదు. 1994 ప్లేగుతో దేశమంతటా అప్రతిష్ఠ పాలైన ఊరిని, 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు రెండేళ్లలోపే దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలబెట్టారు. ఇప్పుడు చట్టంలోని 44వ సెక్షన్ ఇంకొక పనిముట్టు ఇచ్చింది. ప్రమాణాలు పాటించని నమూనాకు అనుమతి ఇవ్వరాదు, కట్టిన తర్వాత పూర్తయినట్లు ధ్రువపత్రమూ ఇవ్వరాదు. వార్డు మైదానంలో పెవిలియన్ కట్టేదీ నగరపాలక సంస్థే, అనుమతి ఇచ్చేదీ అదే. తన నమూనాను తానే తిప్పి పంపిన మునిసిపాలిటీ ఏదైనా ఉన్నదేమో లింబాయత్ కార్పొరేటర్లు ముందుగా తమ సభలో అడగవచ్చు.